తుపాకి పేలకపోతే యుద్ధ సినిమా కాదా?

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో సగం యుద్ధ సినిమాల గురించే. అందుకని పాటలు, డబ్బింగు, సీరియళ్ల సందేహాలు వచ్చే సంచికకు జరిపాం.

మొన్న మా బ్యాచ్ అంతా కలిసి ఓ యుద్ధ సినిమా చూశామండి. గంటన్నరసేపు సిపాయిలు టీ తాగుతూ, తుపాకులు తుడుచుకుంటూ కూర్చున్నారు. చివర్లో పది నిమిషాలు కాల్పులు, అంతే. టికెట్ డబ్బులు దండగ కాదా? (భీమవరం పాఠకుడు)

సినిమా పేరు మీరు రాయలేదు కాబట్టి దాని మంచిచెడ్డలు చెప్పలేం. కానీ టీ తాగడం, తుపాకి తుడుచుకోవడం యుద్ధం కాదనుకుంటే పొరపాటే. 1971 యుద్ధం డిసెంబరు 3న మొదలై 16న ముగిసింది. మొత్తం 13 రోజులు. అంతకుముందు నెలల తరబడి సరిహద్దులో కూర్చున్నవాళ్లకు రోజంటే ఏమిటి? రెండు గంటలు సంత్రీ డ్యూటీ, నాలుగు గంటలు విరామం, మళ్లీ రెండు గంటలు. తెల్లారగట్ట ఒకసారి, పొద్దుగూకే వేళ ఒకసారి అందరూ తుపాకులతో మోర్చాల్లో (చాటున ఉండి కాపలా కాసే గోతుల్లో, బస్తాల గోడల వెనుక) నిలబడే ‘స్టాండ్ టు’. వెలుగూ చీకటీ కలిసే ఆ వేళల్లోనే శత్రువు వచ్చి మీద పడే అవకాశం ఎక్కువని అలా నిలబెడతారు. ఎవరూ రారు. పొద్దెక్కాక దిగి గడ్డం గీసుకుంటారు. మర్నాడూ అంతే.

భీమవరంలో ఉండి ఈ ప్రశ్న అడిగారు కాబట్టి మీ చెరువుల దగ్గరికే వద్దాం. రాత్రంతా నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి, తెల్లారేముందు అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. ఆ టైములో కరెంటు పోయి, జనరేటర్ మొరాయించి, ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగితే రైతు టార్చిలైటు పట్టుకుని గట్టు మీద కూర్చుంటాడు. రొయ్య పైకి తేలుతుందా లేదా అని నీళ్లే చూస్తుంటాడు. దారిన పోయేవాడికి అక్కడ ఏమీ జరగడం లేదు. చెరువులో ఎన్ని లక్షలు పెట్టాడో తెలిసినవాడికి మాత్రం ఊపిరాడదు.

మీరు చూసిన సినిమా దండగో కాదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఎక్కడైనా విసుగు పుట్టిన చోట మూడు ప్రశ్నలు వేసుకోండి. వీళ్లు దేనికోసం చూస్తున్నారు? అది వస్తే ఏం పోతుంది? ఇంకా ఎంతసేపు ఆగగలరు? మూడింటికీ జవాబు మీకు తెలిసి కూడా విసుగొస్తే అది మీ ఇష్టాయిష్టాల సంగతి. తెలియకపోతే మాత్రం తప్పు డైరెక్టరుదే. అలాంటిదాన్ని ల్యాగ్ అనడంలో మొహమాటం అక్కర్లేదు.

తెలుగులోనే ‘ఘాజీ’ని మళ్లీ ఒకసారి చూడండి. 2017లో వచ్చింది. జలాంతర్గామిలో ఉన్నవాళ్లకు కిటికీ లేదు. శత్రువు ఎక్కడున్నాడో చెవితోనే తెలుసుకోవాలి. అందుకే ఆ సినిమాలో అందరూ గొంతు తగ్గించి చెవి రిక్కించే ఘట్టాలకు అంత బలం వచ్చింది.

మేం నలుగురం డిగ్రీ విద్యార్థులం. 1971 నేపథ్యంలో, ఒక మోర్చాలో చిక్కుకున్న నలుగురు సిపాయిల మీద 20 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీద్దామని. బడ్జెట్ 60 వేలు. ఫైటింగు తీసే స్తోమత లేదు. కోనసీమలో బోర్డర్ ఎలా చూపించాలి? (రాజోలు విద్యార్థులు)

స్తోమత లేకపోవడమే మీకు మేలు చేసేలా ఉంది. కోనసీమలో రాజస్థాన్ సరిహద్దు తీయలేరు గానీ తూర్పు సరిహద్దు (ఇప్పటి బంగ్లాదేశ్ వైపు) తీయొచ్చు. అదీ డెల్టాయే. వరిచేలు, కాలువలు, బురద, గట్ల మీద చెట్లు. పైగా డిసెంబరు అక్కడ వరికోతల కాలం. మీకూ సార్వా కోతలు అప్పుడే. కొబ్బరిచెట్ల వరస మాత్రం ఫ్రేములోకి ఎక్కువ రానివ్వకండి. పండిన చేను, దూరంగా అరటి, వెదురు ఉంటే చాలు.

మొదట స్క్రిప్టు. ఒక పేజీ అంటే ఒక నిమిషం అనే లెక్క ఈ రకం సినిమాకు పనికిరాదు. ‘చూస్తూ ఉంటారు’ అని ఒక్క ముక్క రాస్తే అది తెరమీద రెండు నిమిషాలు తినొచ్చు. స్టాప్‌వాచ్ పెట్టుకుని, నలుగురూ చేసి చూస్తూ ప్రతి సీనుకూ సెకన్లు రాసుకోండి. మామూలు సినిమాలా షాటుకు 8 సెకన్లయితే 20 నిమిషాలకు 150 షాట్లు కావాలి. మీది షాటుకు 16 సెకన్లు పడితే 75 చాలు. ఐదు రోజుల్లో రోజుకు 15 షాట్లు, కొత్తవాళ్లకు అందే లెక్క.

ఎదురుచూపుకు కొలత పెట్టండి. ఏదో ఒకటి తరిగిపోతుండాలి. అగ్గిపెట్టెలో పుల్లలు, లాంతర్లో కిరసనాయిలు, క్యానులో నీళ్లు, ఏదైనా సరే. అది నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, సగమైనప్పుడు ఒకసారి, ఆఖరిది మిగిలినప్పుడు ఒకసారి చూపిస్తే ప్రేక్షకుడే లెక్క పెట్టుకుంటాడు. మీ చేతిలో ఇంకా మంచి కొలత ఉంది. మోర్చా ముందు కోతకొచ్చిన చేను. దాని రైతు ఊరొదిలి పోయాడు. మీ నలుగురిలో ఒకడు రాజోలు రైతు కొడుకైతే రోజూ ఆ చేనే చూస్తాడు. కోత దాటితే గింజ రాలుతుందని వాడికి తెలుసు. మిగతా ముగ్గురికి అది శత్రువు దాక్కునే చోటు. ఒకే చేనును ఇద్దరు రెండు రకాలుగా చూశారంటే ఇద్దరి స్వభావాలూ డైలాగు లేకుండానే వచ్చేశాయి.

ఈ చేను విషయంలో జాగ్రత్త. హార్వెస్టర్ వచ్చిందంటే మీ షూటింగ్ కోసం ఆగదు. రైతుతో ముందే మాట్లాడి ఒక పది సెంట్లు వారంపాటు కోయకుండా ఉంచమని అడగండి. రాలిన గింజకూ, ఆ ముక్కను తర్వాత కూలీలతో కోయించడానికీ డబ్బు మీరే ఇవ్వాలి. నవంబరులో వాయుగుండం పట్టిందా, చేను పడిపోతుంది. అందుకని ముఖాలు లేకుండా చేను ఒక్కటే కనిపించే షాట్లన్నీ మొదటి రోజే తీసేయండి.

మోర్చా కోసం గొయ్యి తవ్వొద్దు. మీ దగ్గర రెండు మూడు అడుగులకే నీరు ఊరుతుంది. నిజం సైన్యాలు కూడా ఇలాంటి నేలలో మోర్చాను పైకే కట్టుకుంటాయి. గట్టును ఆనుకుని మూడు పక్కలా ఇసుక బస్తాలు పేర్చండి. ప్లాస్టిక్ ఎరువుల సంచులు 1971కి పనికిరావు, గోనెసంచులే కావాలి. పెద్ద గోనెసంచిని అడ్డంగా కోసి దబ్బనంతో కుడితే రెండు చిన్న బస్తాలవుతాయి. నింపిన బస్తా సుమారు 20 అంగుళాల పొడవు, నాలుగైదు అంగుళాల మందం వస్తుంది. ముందుగోడ 8 అడుగులు, పక్కగోడలు ఐదేసి అడుగులు, ఎత్తు 4 అడుగులంటే దగ్గర దగ్గర 120 బస్తాలు. అన్నిట్లో ఇసుక పోస్తే రెండు టన్నుల పని, నడుములు పడిపోతాయి. కెమెరా చూసే పై వరసల్లో ఇసుక, కెమెరాకు కనపడని లోపలి వరసల్లో ఊకా మట్టీ కలిపి పోయండి. ఒట్టి ఊక పోస్తే బస్తా దిండులా ఉబ్బి దొర్లుతుంది, అబద్ధమని ఇట్టే తెలిసిపోతుంది. ముప్పావు వంతే నింపి, మూతి కిందికి మడిచి, ఇటుకల్లా అతుకు మీద అతుకు రాకుండా పేర్చి, ప్రతి వరసా చెక్కతో దిమ్మిస చేయండి.

తుపాకి: అప్పటి పదాతిదళం ముఖ్య ఆయుధం 7.62 ఎంఎం ఎస్ఎల్ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్), పొడవు సుమారు 45 అంగుళాలు. వడ్రంగి చేత చెక్కించుకోవచ్చు. అందరూ చేసే తప్పు బరువు దగ్గర. అసలుది నాలుగు కిలోల పైమాటే. కర్రముక్క ఒకటిన్నర కిలో కూడా ఉండదు. నటుడు దాన్ని గొడుగులా ఎత్తేస్తాడు. లోపల నిండు ఇనుప చువ్వ దించి బరువు తెప్పించండి. బోలు గొట్టం వాడొద్దు, చూసినవాళ్లకు లేనిపోని అనుమానాలొస్తాయి. రెండు గంటలు మోశాక భుజం వాలే తీరు నటనతో వచ్చేది కాదు. తుపాకి శుభ్రం చేసే సీనుంటే పుల్‌త్రూ తాడు (గొట్టంలోంచి లాగి తుడిచేది), దాని చివర 4 అంగుళాలకు 2 అంగుళాల గుడ్డముక్క ఉండాలి. సిపాయిలు దాన్ని చిందీ అంటారు.

యూనిఫాం ఆలివ్ గ్రీన్ కాటన్ గుడ్డతో కుట్టించండి. 2022లో వచ్చిన కొత్త డిజైను గుడ్డ జోలికి వెళ్లకండి. అది మీ కాలానికి చెందదు, ఆ డిజైను హక్కులు కూడా సైన్యానివే. కొత్త గుడ్డ మెరుస్తుంది, పదిసార్లు ఉతికి ఎండేయండి. గడ్డాల సంగతి: సిపాయి రోజూ గీసుకుంటాడు. కాబట్టి గడ్డం పెరగడం మొదలైందంటే అక్కడ క్రమశిక్షణ సడలిందని అర్థం. నీళ్లు తగ్గి, గీసుకోవడం మానిన రోజును కథలో ఒక మెట్టుగా వాడుకోండి. దానికి సీన్లు వరుసక్రమంలో తీయక తప్పదు. 1981 నాటి జర్మన్ జలాంతర్గామి సినిమా ‘దాస్ బోట్’కు అలాగే వరుసగా తీసి గడ్డాలు పెరగనిచ్చారు, ముఖాలు పాలిపోవడానికి నటుల్ని ఎండలోకి పోనివ్వలేదు. పెట్టుడు గడ్డం క్లోజప్‌లో దొరికిపోతుంది, మీ బడ్జెట్‌లో అయితే మరీను.

నటన దగ్గర ఒక్కమాట. ఎదురుచూసేవాడు ఎదురుచూపును నటించకూడదు. ఆవలింతలు, నిట్టూర్పులు, ఆకాశంలోకి చూడటం పెట్టారో సినిమా పోయినట్టే. ప్రతివాడి చేతికీ ఒక పని ఇవ్వండి. ఒకడు బొత్తాం కుట్టుకుంటాడు, ఒకడు చదివిన ఉత్తరమే మళ్లీ మడతపెడతాడు, ఒకడు అందరి నీళ్లూ కొలుస్తాడు. పని మధ్యలో చెయ్యి ఆగిన క్షణమే మీ షాటు. మాట విషయంలో కూడా దొంగతనం వద్దు. పైవాడు హిందీలో పిలిస్తే కుర్రాడు ‘జీ సాబ్’ అనాలి. నిద్రలోంచి లేపితే మాత్రం ‘ఆయ్’ అనేస్తాడు. అక్కడ నవ్వొస్తుంది, వాడి ఊరూ తెలుస్తుంది.

ప్రియురాలి ఫ్లాష్‌బ్యాక్ పెడదామని మీలో ఒకరికైనా ఉండే ఉంటుంది. పెట్టకండి. ఒత్తిడి కూడుతున్న కుక్కర్‌కు మధ్యలో మూత తీసినట్టవుతుంది.

శత్రువును చూపించకండి, వినిపించండి. ఇక్కడ చాలా సినిమాలు చేసే పొరపాటు ఒకటుంది. వాటిలో దూరాన పేలుడు వెలుగూ చప్పుడూ ఒకేసారి వస్తాయి. చప్పుడు కిలోమీటరు నడవడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. ముఖం మీద వెలుగు పడి, ఆరు సెకన్ల తర్వాత చప్పుడు వస్తే రెండు కిలోమీటర్ల దూరం. మర్నాడు అదే నాలుగు సెకన్లు. పిడుగు పడ్డప్పుడు లెక్కపెట్టే అలవాటు మనకుంది కదా, సిపాయి పెదాలు ‘ఒకటి, రెండు, మూడు’ అని కదిలితే చాలు, శత్రువు దగ్గరకొస్తున్నాడని హాలంతటికీ తెలుస్తుంది. దీనికి ఖర్చు ఒక ఎల్ఈడీ లైటు.

మీకు అసలు శత్రువు ఏరియేటర్. రొయ్యల చెరువుల పక్కన తెల్లవారుజామున నిశ్శబ్దం రికార్డు చేయడం కుదరని పని, అవి గట్టిగా తిరిగేదే అప్పుడు. ధనుర్మాసం మొదలయ్యాక గుడి మైకు కూడా తోడవుతుంది. లొకేషన్ చూడ్డానికి పగలు కాదు, షూటింగ్ చేసే వేళకే వెళ్లి కళ్లు మూసుకుని పది నిమిషాలు నిలబడండి. ప్రతి చోటా మాటలు లేకుండా ఒక నిమిషం ఉత్త చప్పుడు రికార్డు చేసుకోండి. ఎడిటింగ్‌లో డైలాగుల మధ్య ఖాళీలు అతికేది దాంతోనే. ఏసీ గదిలోంచి కెమెరా తీసి చెమ్మ గాలిలోకి తెస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది. అరగంట ముందే, సంచి మూసి ఉంచే బయట పెట్టి వెచ్చబడనివ్వండి.

డబ్బు: పదిహేనుమంది, ఐదు రోజులు, మనిషికి రోజుకు 250 తిండి వేసుకున్నా 18,750. దాన్ని తగ్గించకండి. తగ్గించాల్సింది డ్రోన్ అద్దె. మోర్చాలో చిక్కుకున్నవాడు పైనుంచి చూడలేడు, ప్రేక్షకుడెందుకు చూడాలి?

షూటింగుకు మిలటరీ డ్రెస్ వేసుకుంటే కేసు పెడతారని మా వాళ్లు భయపెడుతున్నారు. నిజమేనా? (రావులపాలెం)

సైనికుడని నమ్మించే ఉద్దేశంతో వేసుకుంటే నేరం. భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్, మూడు నెలల వరకు జైలు లేదా రెండు వేల వరకు జరిమానా, లేదా రెండూ. నటించడానికి వేసుకోవడం వేరే సంగతి. అయినా లొకేషన్, తేదీలు, బొమ్మ తుపాకుల సంఖ్య రాసి స్టేషన్‌లో ఉత్తరం ఇచ్చి నకలు దగ్గర పెట్టుకోండి. డ్రెస్ మీద టీ కోసం సెంటరుకు వెళ్లకండి, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. సైన్యం మీద తీసే సినిమాలకూ వెబ్ సిరీస్‌లకూ ముందుగా తమ నిరభ్యంతర పత్రం తీసుకోవాలని రక్షణ శాఖ 2020లో సూచించింది. కాబట్టి హాల్లోకో ఓటీటీకో వెళ్లే ఆలోచన ఉంటే ఆ పని ముందే చూసుకోవాలి.

సిపాయిని అసలు చూపించకుండా, ఇంటి దగ్గర ఎదురుచూసే తల్లి మీదే కథ రాస్తున్నాను. 1971 కాలం. ఏ వివరాలు ఉంటే నమ్మకం కలుగుతుంది? (పాలకొల్లు రచయిత్రి)

కొడుకు ఎక్కడున్నాడో ఆమెకు తెలియకపోవడమే మీ మొదటి వివరం. ఉత్తరం మీద ఊరి పేరు ఉండదు. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, చివర ‘కేరాఫ్ 56 ఏపీవో’ లేదా ‘కేరాఫ్ 99 ఏపీవో’ (ఏపీవో అంటే ఆర్మీ పోస్టాఫీసు). పడమటి వైపు వాళ్లకు 56, తూర్పు వైపు వాళ్లకు 99. చదువురాని తల్లికి ఆ అంకె తేడా పోస్టుమ్యాన్ చెప్పాలి. ఒక ఉత్తరంలో 56 ఉండి, తర్వాతి ఉత్తరంలో 99 ఉందనుకోండి, అంతకుమించిన మలుపు మీకు అక్కర్లేదు.

ఉత్తరం ఎప్పుడూ పాతదే అన్న సంగతి మరవకండి. ‘క్షేమం’ అని చదివేనాటికి అది వారం క్రిందటి క్షేమం. రేడియో వార్త ఈ రోజుది. ఈ రెండూ ఒకదానికొకటి పొంతన లేకుండా ఇంట్లో పక్కపక్కన ఉంటాయి. ట్రాన్సిస్టర్ సెల్స్ అయిపోతుంటే గొంతు సన్నగిల్లుతుంది, వాటిని ఎండలో పెట్టి మళ్లీ వేస్తారు. మీ కథకు కొలత అదే కావచ్చు. మనియార్డరు ఫారం చివర నాలుగు ముక్కలు రాసుకునే చోటు ఉండేది. డబ్బుతోపాటు వచ్చే ఆ ముక్కను చింపి దాచుకునేవాళ్లు. టెలిగ్రాం మాత్రం చివరిదాకా దాచుకోండి. వేళకాని వేళ సైకిల్ బెల్లు వినిపిస్తే వీధి వీధంతా గుమ్మాల్లోకి వస్తుంది. ఆ బెల్లు మరో ఇంటికి వెళ్లిపోయినప్పుడు ఆమెకు కలిగే ఊరట, ఆ వెంటనే ఆ ఊరటకు సిగ్గు, మీ కథలో ఇదే బరువైన చోటని మాకనిపిస్తోంది. అక్కడ సంగీతం వేయించకండి.

తాడేపల్లిగూడెం దగ్గరి మిలటరీ మాధవరం మీకు దూరం కాదు. తరతరాలుగా సైన్యంలోకి వెళ్తున్న ఊరు. అక్కడి ఆడవాళ్లతో మాట్లాడండి. ‘ఏడ్చారా’ అని అడక్కండి. ఆ రోజుల్లో పొద్దున్నే లేచి ఏం చేసేవారని అడగండి.

మా లైబ్రరీ హాల్లో ఇలాంటి నిదానం సినిమా ఒకటి వేస్తే ఇంటర్వెల్‌కే సగంమంది లేచిపోయారు. తప్పు జనానిదా, మాదా? (మండపేట)

చాలావరకు ప్రొజెక్టరుదీ స్పీకరుదీ. ఇలాంటి సినిమాలో కథంతా ముఖాల మీదా, చిన్న చప్పుళ్లలోనూ ఉంటుంది. అవి రెండూ అందకపోతే మిగిలేది కూర్చున్న మనుషులే. పది అడుగుల వెడల్పు తెరకు 3000 ల్యూమెన్ల ప్రొజెక్టరు సరిపోతుంది గానీ, వెంటిలేటర్ల నుంచి వీధిలైటు పడితే రాత్రి సీన్లు బూడిదైపోతాయి. నల్లగుడ్డ కట్టండి. సినిమాలో అన్నిటికంటే చీకటి సీను ఏదో చూసి, ముందురోజు దాంతోనే సెట్టింగ్ సరిచేసుకోండి. పెళ్లి సౌండ్‌బాక్సులు వద్దు. అవి బాజాకు పుట్టినవి, గుసగుస పలకవు. చిన్నవైనా రెండు స్పీకర్లు తెరకు అటూ ఇటూ కూర్చున్నవాళ్ల చెవి ఎత్తున పెట్టండి. ఫ్యాన్లు గరగరలాడతాయి, ముందే నూనె వేయించండి.

జనరేటర్ పెడితే నిశ్శబ్దం పోయినట్టే. ఇన్వర్టరు వాడండి. ప్రొజెక్టరు 300, సౌండు 200 వాట్లు అనుకుంటే 150 ఏహెచ్ బ్యాటరీ ఒక్కటే రెండు గంటలపాటు లాగుతుంది. పాత బ్యాటరీ అయితే ఆ ఆశ పెట్టుకోకండి. హక్కుదారు అనుమతి కాగితం తీసుకోవడం మానొద్దు. ముందుమాట మూడు నిమిషాలు దాటనివ్వకండి. ఎవరు ఎవరో, దేనికోసం చూస్తున్నారో చెప్పి దిగిపోవాలి. ఇక ఇంటర్వెల్. అసలు ఇవ్వకండి.

మా కోరంగి వైపు యుద్ధమే జరగలేదు. మా ఊరి కథతో యుద్ధ సినిమా ఎలా? (తాళ్లరేవు)

1942 ఏప్రిల్ 6న విశాఖతోపాటు కాకినాడ మీదా జపాన్ బాంబులు పడ్డాయి. మీకు పక్కనే. కానీ మీ కథ ఆ బాంబులకంటే ముందుది. మీ రేవు నుంచి ఎంతమంది ‘రంగం’ (రంగూన్) వెళ్లారంటే బర్మాలో తెలుగువాళ్లందరికీ ‘కోరంగీలు’ అనే పేరు పడిపోయింది. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి, మార్చిలో ఊరు జపాన్ చేతికి పోయింది. ఓడ దొరకనివాళ్లు కొండలు, అడవులు దాటి కాలినడకన అస్సాం వైపు, అరకాన్ మీదుగా చిట్టగాంగ్ వైపు వచ్చారు. దారిలో చనిపోయినవాళ్లకు లెక్కలేదు. ఇక్కడ కోరంగిలో మాత్రం ఒకామె మొగుడు ఓడ మీద వస్తాడని రేవు వైపు చూస్తుంటుంది. ఆయన రావాల్సింది నడిచి. తప్పు దిక్కుకు చూస్తున్నదని ప్రేక్షకుడికి తెలుసు, ఆమెకు తెలియదు. ఇంతకంటే మంచి ఎదురుచూపు మేం చెప్పలేం.

రేవు దగ్గర తీసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈ రోజు ఏడింటికి ఉన్న నీళ్లు రేపు ఎనిమిదికి పది నిమిషాల ముందు వస్తాయి. పడవవాళ్లను అడిగి కాల్ టైం (షూటింగుకు రావాల్సిన వేళ) కూడా అలాగే జరుపుకోండి. లేకపోతే ఒకే సీనులో ఒక షాటులో రేవు మెట్లు తేలి, తర్వాతి షాటులో మునిగి ఉంటాయి.